స్ప్రింగ్ వచ్చేదాకా

ఆసుపత్రి వెనక రేకుల షెడ్డులో దుప్పట్లు ఇస్త్రీ చేసే రోలరు ఉంది. ఇద్దరు మనుషులు ఇటు నిలబడి తడి దుప్పటి అంచులు లాగిపట్టి రోలరుకి అందిస్తారు. అటు నిలబడ్డ ఇద్దరు అందుకుని మడత పెడతారు. అందించే వైపు, రోలరుకి ముందు, ఒక ఇనుప పట్టీ ఉంటుంది. దుప్పటితో పాటు వేళ్ళు లోపలికి పోబోతే ముందు ఆ పట్టీకి తగులుతాయి. పట్టీ కదిలిందంటే రోలరు ఆగుతుంది. అది చెయ్యాల్సిన పని అదొక్కటే.

ఆ పట్టీ వెనకున్న స్ప్రింగు వదులైంది. దుప్పటి అంచు కుట్టు తగిలినా చాలు, రోలరు ఆగిపోయేది. నాలుగు దుప్పట్లకోసారి ఆగితే పని తెమలదు. మెకానిక్ వచ్చాడు, చూశాడు, చిరిగిన దుప్పటి నుంచి ఒక పేలిక చించి పట్టీని పైకెత్తి కట్టేశాడు.

"కొత్త స్ప్రింగ్ వచ్చేదాకా టెంపరరీ" అన్నాడు.

అప్పుడా పేలిక తెల్లగా ఉండేది. వేడికి పసుపెక్కింది, తర్వాత మట్టిరంగుకి వచ్చింది, ఆ తర్వాత ముడి ఏదో గుడ్డ ఏదో తెలియకుండా బిగుసుకుపోయింది. ఈలోగా మెకానిక్‌కి పెళ్ళయింది, ఇద్దరు పిల్లలు పుట్టారు, పెద్దవాడు బడికి పోతున్నాడు. స్ప్రింగు రాలేదు.

షెడ్డులో అందరికన్నా పాత మనిషి మడతక్క. దుప్పటి అంచులు నాలుగూ కలిసేదాకా ఒప్పుకోదు కాబట్టి ఆ పేరొచ్చిందని తోటి ఆడవాళ్ళంటారు. మడతపేచీ మనిషి కాబట్టి వచ్చిందని సూపర్‌వైజర్ అంటాడు. ఇద్దరి మాటా నిజమే. సూపర్‌వైజర్‌కి కూడా ఒక పేరుంది. చేతికి గ్లవ్స్ కావాలన్నా, ఫ్యాను తిరగట్లేదన్నా, స్ప్రింగు ఎప్పుడొస్తుందన్నా ఆయన దగ్గర ఒకటే జవాబు, "చూద్దాం". అందుకని ఆయన చూద్దాం సారు.

టెంపరరీ అంటే కొన్నాళ్ళుండి పోయేదని మడతక్కకి బళ్ళో చెప్పారు. షెడ్డుకొచ్చాక ఆ అర్థం చెల్లలేదు. అసలు ఆ షెడ్డే టెంపరరీ, కొత్త బిల్డింగు లేచేదాకా అన్నారు. కొత్త బిల్డింగు లేచింది, అందులోకి వార్డులు పోయాయి, షెడ్డు షెడ్డులాగే ఉంది. కప్పు కారే చోట పెట్టిన బకెట్టు టెంపరరీ. అది పగిలిపోతే దాని చోట ఇంకో టెంపరరీ బకెట్టు కొన్నారు. పర్మినెంటన్న లిఫ్టును మాత్రం రెండుసార్లు మార్చారు. పట్టించుకోనక్కర్లేదు అన్న మాటకి టై కట్టి కుర్చీలో కూర్చోబెడితే టెంపరరీ అవుతుందని మడతక్క తేల్చేసింది.

ఆమె తమ్ముడి భార్య, అంటే మరదలు, అదే షెడ్డులో పదకొండేళ్ళుగా టెంపరరీ.

టెంపరరీ వాళ్ళకి బ్రేక్ రోజని ఒకటుంటుంది. వరసగా పనిచేశారనిపించుకోకుండా అప్పుడప్పుడు ఒకరోజు సర్వీసు తెంపుతారు. ఆ రోజు ఆ మనిషి ఆసుపత్రి లెక్కలో ఉండదు. రోగులు మాత్రం ఉంటారు, దుప్పట్లు తడుపుతూనే ఉంటారు. రోలరుకి ఇటు ఇద్దరు, అటు ఇద్దరు కావాల్సిందే. అందుకని షెడ్డులో ఒక పద్ధతి పుట్టింది. ఎవరిది బ్రేక్ రోజో వాళ్ళు వారపు సెలవులో ఉన్న ఇంకొకరి కార్డు తీసుకుంటారు. గేటు దగ్గర పెట్టెకి ఆ కార్డు ఆనిస్తే పచ్చ దీపం వెలుగుతుంది. దీపానికి మొహాలు తెలీవు. దీన్ని వాళ్ళు కార్డు చేబదులంటారు. ఎవరు ఎవరిది తీసుకోవాలో ముందురోజు చెప్పేది చూద్దాం సారే. ఆ ఒక్క విషయంలో ఆయన చూద్దాం అనడు.

ఆ రోజు మరదలికి బ్రేక్. మడతక్కకి సెలవు. "వదినా, నీ మొహం నాకిచ్చి వెళ్ళు" అని పొద్దున్నే నవ్వుతూ కార్డు తీసుకుని మెడలో వేసుకుంది మరదలు. మడతక్క పన్ను నొప్పితో పళ్ళ డాక్టరు దగ్గరికి పోయింది.

డాక్టరు దవడకి మత్తు సూది పొడిచాడు, పన్ను తొలిచాడు, ఏదో తెల్లటిది కూరాడు. "ఇప్పుడు పెట్టింది టెంపరరీ. వారం తిరక్కుండా రండి, అసలుది పెడతాను" అన్నాడు. ఆ మాటకి మడతక్కకి నవ్వొచ్చింది గాని పెదవి కదల్లేదు. సరిగ్గా అప్పుడు ఫోను మోగింది.

చేసింది నురగ. వాషింగ్ మెషిన్ల దగ్గర పనిచేసే అమ్మాయి, అదీ టెంపరరీయే. మామూలుగా మాట మొదలెడితే పొంగే మనిషి. ఆ రోజు రెండే మాటలంది. "అక్కా, చెయ్యి. రోలర్లో."

మడతక్క వెళ్ళేసరికి మరదల్ని ఆపరేషన్ గదిలోకి తీసుకుపోయారు. వరండాలో చూద్దాం సారు నిలబడి ఉన్నాడు. ఆయన్ని చూడగానే ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఇన్నేళ్ళు మింగినవన్నీ ఒక్కసారి బయటికి తోసుకొచ్చాయి. కాని దవడ మొద్దుబారి ఉంది. నాలుక ఎటు పోతోందో తెలియలేదు.

"ఆ ఫట్టీ... ఫేలిక... ఎఫ్ఫుడు..."

"ఏమంటున్నావమ్మా? ముందు కూర్చో. నీళ్ళు తాగు."

"నువ్... నువ్ ఖట్టించి..."

"అర్థం కావట్లేదమ్మా. తర్వాత చూద్దాం."

ఆమె నీళ్ళు తాగితే సగం చీర మీదికి కారాయి. జీవితంలో ఎవర్నీ తిట్టకుండా వదలని నోరు, కావాల్సిన ఆ ఒక్కరోజే పనిచెయ్యలేదు. మత్తు దిగేసరికి సాయంత్రమైంది. అప్పటికి చూద్దాం సారు ఇంటికెళ్ళిపోయాడు.

మరదలి కుడిచేతికి చూపుడువేలు, మధ్యవేలు తీసేశారు. మిగతా చెయ్యి కాలింది, అది మానుతుందన్నారు. దుప్పటి మూల వేలికి చుట్టుకుందట, లాగబోయేలోపు రోలరు లాక్కుందట. అటువైపున్నామె స్విచ్ కొట్టేసరికే అయిపోయింది. పట్టీ పైన పేలిక కట్టుకుని కూర్చుని ఉంది.

మంచం పక్కన మడతక్క స్టూలు మీద కూర్చుంది. మరదలు కళ్ళు తెరిచి ముందు ఆమె దవడ చూసింది.

"పన్నెలా ఉంది వదినా?"

"నా పన్ను సంగతెందుకే ఇప్పుడు?"

"ఊరికే. నర్సమ్మ చెప్పింది, ఈ నొప్పి టెంపరరీ అట." మరదలు కట్టు కట్టిన చేతికేసి చూసింది. "అయితే పదకొండేళ్ళుంటుందన్న మాట."

మడతక్క నవ్వలేదు. మరదలూ నవ్వలేదు.

మర్నాడు పొద్దున మడతక్కని పై అంతస్తులో ఆఫీసరు గదికి పిలిచారు. చూద్దాం సారు అప్పటికే అక్కడున్నాడు, గోడకి అతుక్కుని. ఆఫీసరు మర్యాద తెలిసిన మనిషి. కుర్చీ చూపించాడు.

"అమ్మా, జరిగింది ఘోరం. మా అందరికీ బాధగానే ఉంది. కాని రికార్డంటూ ఒకటుంది కదా. రికార్డు ప్రకారం నిన్న డ్యూటీలో ఉన్నది మీరు. మీ మరదలికి నిన్న సర్వీసులో బ్రేక్. అంటే ఆవిడ నిన్న ఇక్కడ వర్కర్ కాదు."

"మరేంటి?"

"విజిటర్."

మడతక్క తప్పుగా విన్నాననుకుంది. ఆఫీసరు మెల్లగా, చిన్నపిల్లలకి చెప్పినట్టు చెప్పాడు. "ఆవిడ మీకు భోజనం డబ్బా తెచ్చారు. మీతో మాట్లాడుతూ మెషిన్ మీద చెయ్యి పెట్టారు. మీరు పక్కనే ఉన్నారు, చూశారు. అంతే. మీరు సంతకం పెడితే మానవత్వంతో వైద్యమంతా ఉచితం. మీ కార్డు సంగతి కూడా ఎవరూ తవ్వరు."

"నేనెక్కడ చూశాను సార్? నేను పళ్ళ డాక్టరు కుర్చీలో నోరు తెరుచుకుని ఉన్నాను."

"నేను రికార్డు మాట చెప్తున్నానమ్మా."

"పదకొండేళ్ళు టెంపరరీ వర్కరన్నారు. చెయ్యి నలగ్గానే విజిటరా?"

"టెంపరరీ అంటే అర్థం అదే కదమ్మా. ఉన్నన్నాళ్ళే ఉంటుంది. నిన్న లేదు."

మడతక్క చూద్దాం సారు వైపు తిరిగింది. "నా కార్డు తనకివ్వమని మొన్న సాయంత్రం చెప్పిందెవరు?"

చూద్దాం సారు ఫ్యానుకేసి చూశాడు.

"సంతకం పెట్టకపోతే?" అని అడిగింది ఆమె.

ఆఫీసరు గొంతు మారలేదు. "కార్డు ఇంకొకరికివ్వడం నేరం. మీ ఉద్యోగానికి ముప్పు. ఆవిడ అనుమతి లేకుండా లోపలికొచ్చారు, దాని సంగతి వేరే. వైద్యం ఖర్చు మీదవుతుంది. రేపటిదాకా ఆలోచించుకోండి. ఇంట్లోవాళ్ళతో మాట్లాడుకోండి."

ఇంట్లోవాళ్ళంటే తమ్ముడు. గోడలకి రంగులేసేవాడు, కబురందగానే గోడ మీద బ్రష్షు వదిలేసి వచ్చాడు. మోచేతుల దాకా పసుపురంగు ఎండిపోయి ఉంది. వరండా మెట్ల మీద అంతా విని తలదించుకున్నాడు.

"పెట్టేయ్ అక్కా."

"ఏం పెట్టెయ్యాలిరా?"

"సంతకం. ఒక చెయ్యి పోయింది. మన ఇంటికి రెండో చెయ్యి నీ ఉద్యోగం. అదీ రోలర్లో పెట్టమంటావా?"

"అబద్ధానికి సంతకం పెట్టమంటావా?"

"నిజానికి మందులు రావుగా అక్కా."

మడతపేచీ మనిషి పేచీ పెట్టకపోవడం తమ్ముడు ఎప్పుడూ చూడలేదు. భయపడ్డట్టున్నాడు, "నీ ఇష్టం" అని లేచిపోయాడు.

వార్డులో మరదలికి దాచకుండా చెప్పింది. మరదలు కప్పుకేసి చూస్తూ విన్నది.

"నేను డబ్బా తెచ్చానా?" అంది చివరికి.

"అలా రాస్తారట."

"అందులో ఏముందట?"

"ఏంటే?"

"కూరేంటో కనుక్కో వదినా. ఎలాగూ రాస్తున్నారుగా, కూర కూడా రాసుకోమను." గొంతు పైకి లేచింది. పక్క మంచం ఆవిడ తల తిప్పింది. "కడుపుతో ఉండి తొమ్మిదో నెల దాకా అందించాను ఆ దుప్పట్లు. అమ్మ పోయిన మూడో రోజు వచ్చి అందించాను. టెంపరరీ అన్నారు, పడ్డాను. బ్రేక్ అన్నారు, నీ మొహం తగిలించుకుని వచ్చాను. ఇప్పుడా టెంపరరీ కూడా లాక్కుంటారా? నా వేళ్ళు విజిటింగ్‌కి వచ్చాయా అక్కడికి?"

మడతక్క లేచి దుప్పటి సర్దింది. ఆ దుప్పటి షెడ్డులోదే. మూల దగ్గర చిన్న ముడత. రోలరు తిన్నగా పట్టని దుప్పటికి అలా ముడత పడుతుంది. వేలితో దాన్ని రాస్తూ నిలబడింది. అది పోలేదు.

మర్నాడు ఆఫీసరు గదిలో కాగితం సిద్ధంగా ఉంది. పక్కన పెన్ను, మూత తీసి. మడతక్క కూర్చోలేదు.

"సార్, ఇందులో ఒక్కటి మార్చండి. విజిటర్ తీసేసి టెంపరరీ వర్కర్ అని రాయండి. డ్యూటీలో ఉంది అని రాయండి. కార్డు నేనే ఇచ్చాను అని రాయండి, దాని కిందైతే సంతకం పెడతాను."

"అది కుదరదని నిన్ననే చెప్పాను కదమ్మా."

"పదకొండేళ్ళు సార్, ఆ మాట వింటే నా ఒళ్ళు మండేది. టెంపరరీ, టెంపరరీ అని. ఇవాళ దాన్నే అడుక్కోడానికి వచ్చాను. దాని తర్వాత వర్కరన్న మాటొస్తుంది కాబట్టి. అదొక్కటీ మాకు వదిలెయ్యండి."

"కార్డు ఇచ్చానని ఒప్పుకుంటున్నారా?"

"నేనే కాదు, షెడ్డులో ఇవ్వనిదెవరో చెప్పమనండి ఈయన్ని."

చూద్దాం సారు గొంతు సవరించుకున్నాడు.

ఆఫీసరు పెన్నుకి మూత పెట్టాడు. "అయితే నా చేతిలో ఏం లేదు. విచారణ అయ్యేదాకా మీరు సస్పెన్షన్‌లో ఉంటారు. కంగారు పడకండి, టెంపరరీయే."

మడతక్క పళ్ళు బిగపట్టింది. దవడలో ఏదో కటుక్కుమంది. నాలుకతో తడుముకుంది, వేళ్ళతో తీసింది. పళ్ళ డాక్టరు కూరిన తెల్లటి ముక్క. దాన్ని ఆఫీసరు కాగితం మీద పెట్టింది.

"ఇది టెంపరరీ అన్నాడు ఆ డాక్టరు. వారం తిరక్కుండా రమ్మన్నాడు, ఈలోపే ఊడింది. టెంపరరీ అంటే అర్థం ఇదీ సార్. మీ నోట్లో పడ్డాకే ఆ మాటకి చావు లేకుండా పోయింది."

ఆఫీసరు కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకున్నాడు. ఆమె బయటికొచ్చి మెట్లు దిగింది. పన్ను బొక్కలోకి గాలి దూరి జివ్వుమంటోంది.

తిన్నగా షెడ్డుకి వెళ్ళింది. రోలరు తిరుగుతోంది. మరదలి చోట ఇంకొకరు నిలబడి దుప్పటి అందిస్తున్నారు. పట్టీ ఇంకా పైకే కట్టి ఉంది. రక్తం తుడిచారు, స్విచ్ వేశారు, అంతే. మడతక్క స్విచ్ ఆపింది. దారాలు కత్తిరించే కత్తెర తీసుకుంది. ముడి విప్పుదామంటే అది ముడిలా లేదు, కట్టెలా ఉంది. కోసింది. మూడోసారికి తెగింది. పట్టీ టక్కుమని కిందికి దిగి తన చోట కూర్చుంది.

అందరూ చూస్తున్నారు. నురగ దగ్గరికొచ్చింది. "సారొచ్చి అడిగితే ఏం చెప్పాలక్కా?"

"నేను కోశానని చెప్పు. కత్తెర చూపించు."

"మళ్ళీ కట్టమంటే?"

"కట్టే చెయ్యి ఎవరిదో చూస్తాను."

కార్డు గేటు దగ్గర ఇచ్చేసింది గాని ఇంటికి పోలేదు. షెడ్డు గుమ్మం బయట బెంచీ ఉంది, దాని మీద కూర్చుంది. కాసేపటికి గేటు మనిషి వచ్చాడు. "సస్పెన్షన్‌లో ఉన్నవాళ్ళు లోపలుండకూడదక్కా" అన్నాడు ఇబ్బందిగా.

"నేను విజిటర్నిరా. మరదలికి భోజనం డబ్బా తెచ్చాను."

"డబ్బా ఏదక్కా?"

"మొన్న మా మరదలు తెచ్చిందే. మీ ఆఫీసరుకి కనిపించింది. నీక్కనపడలేదా?"

వాడు తల గోక్కుంటూ వెళ్ళిపోయాడు.

లోపల రోలరు నాలుగు దుప్పట్లకోసారి ఆగుతోంది. ఆగినప్పుడల్లా పట్టీ సర్దాలి, స్విచ్ వెయ్యాలి, మళ్ళీ అందించాలి. ఎవరూ తొందర పడలేదు. తడి దుప్పట్ల బళ్ళు గుమ్మం దాకా పేరుకున్నాయి. భోజనాల వేళకి ఆపరేషన్ గది నుంచి మొదటి ఫోను, కాసేపటికి రెండోది వచ్చాయి. మూడో ఫోను చేసిన డాక్టరు గొంతు బయట బెంచీ దాకా వినపడింది.

చూద్దాం సారు పరుగున వచ్చాడు. పట్టీ చూశాడు, నేల మీద పేలిక చూశాడు.

"ఎవరైనా కట్టండమ్మా! పైన పేషెంట్లు బల్ల మీదున్నారు!"

అందించేవాళ్ళలో ఒకామె దుప్పటి దులిపింది. "చూద్దాం సార్."

"నువ్వు కట్టు."

"చూద్దాం సార్" అంది రెండో ఆమె.

అటు చివరి నుంచి ఇంకో గొంతు లేచింది. "చూద్దాం సార్." షెడ్డులో నవ్వు మొదలైంది. సంతోషపు నవ్వు కాదది, పళ్ళు కొరికినట్టుంది. చూద్దాం సారు మొహం కందిపోయింది. మెకానిక్‌ని పిలిపించాడు. వాడొచ్చి రోలరు ముందు నిలబడ్డాడు గాని చెయ్యి జేబులోంచి తియ్యలేదు.

"అప్పుడు నేనే కట్టాను సార్. నా వల్ల కాదు."

చివరికి ఆఫీసరే దిగొచ్చాడు. షెడ్డులోకి ఆయన రావడం అదే మొదలు. ఆవిరికి కళ్ళద్దాలు మసకబారాయి. తుడుచుకుని తల ఎత్తేసరికి బకెట్టులో నీటిచుక్క పడింది. దానికేసి, కప్పుకేసి చూశాడు. ఆ తర్వాత కోపం తెచ్చుకున్నాడు.

"ఏంటిది? సమ్మె చేస్తున్నారా?"

"లేదు సార్, పని చేస్తున్నాం" అంది నురగ. "మెషినే ఆగుతోంది. అదలా ఆగాలట."

"నీ పేరేంటి?" అని ఆయన ఆమె మెడలో కార్డు పట్టుకుని చదివాడు. చదివి మొహం చూశాడు. మళ్ళీ కార్డు చూశాడు. కార్డు మీద నెరిసిన జుట్టు, కళ్ళజోడు, మూడు మడతల గడ్డం. ఎదురుగా ఉన్న నురగకి పాతికేళ్ళు.

"ఈ ఫోటో ఎవరిది?"

"సెలవులో ఉన్న పెద్దమ్మది సార్. ఇవాళ నాకు బ్రేక్. లెక్కలో నేను లేను." నురగ ఈసారి పొంగింది. "పొద్దున్నుంచి రెండు బళ్ళు ఉతికాను సార్, ఎవరు ఉతికారో మీరే రాసుకోండి. నేనూ డబ్బా తేవాలా? ఎంతమందికి తేవాలి? మీరు కూడా తింటారా?"

గుమ్మంలో నిలబడి మడతక్క అంతా చూసింది. ఆఫీసరు కార్డు వదిలేశాడు. చూద్దాం సారు వైపు తిరిగాడు. ఈసారి చూద్దాం సారుకి చూసుకోడానికి ఫ్యాను కూడా తిరగట్లేదు.

"ప్రతి బ్రేక్ రోజూ ఇంతేనా?"

"పని ఆగకూడదన్నారు కదా సార్ తమరు" అన్నాడు చూద్దాం సారు, చచ్చీ చెడీ.

పేలిక ఇంకా నేల మీదే ఉంది. ఎవరూ తియ్యలేదు. మడతక్క లోపలికొచ్చి, వంగి, దాన్ని తీసి ఆఫీసరు ముందు పట్టుకుంది.

"కట్టండి సార్. దుప్పట్లు కావాలిగా. కట్టి, మీరే ఇటు నిలబడి అందించండి. వేళ్ళు జాగ్రత్త."

ఆయన ఆ పేలిక ముట్టుకోలేదు. షెడ్డు ఫోను మళ్ళీ మోగింది. మోగీ మోగీ ఆగింది. ఆఫీసరు ఎవరి మొహమూ చూడకుండా అన్నాడు. "సరే. టెంపరరీ వర్కర్ అని రాద్దాం. డ్యూటీలో అని."

"ఇప్పుడే రాయండి" అంది మడతక్క. "చూద్దాం అనకండి."

రాశారు. దుప్పట్ల బల్ల మీద పెట్టే రాశారు. కార్డు ఇచ్చినందుకు ఆమె సస్పెన్షన్ మాత్రం ఉంటుందని ఆఫీసరు కాగితం మడుస్తూ చెప్పాడు. అంచులు కలపకుండా మడిచాడు. సస్పెన్షన్ ఉంటే ఉండనీ అంది ఆమె. చప్పట్లు ఎవరూ కొట్టలేదు. తడి దుప్పట్లు చాలా ఉన్నాయి.

మరదలు ఇంటికొచ్చేనాటికి కూడా మడతక్క విచారణ మొదలవలేదు. ఎప్పుడని అడిగితే చూద్దామన్నారు. తమ్ముడు ఇంకో గోడ, ఇంకో గోడ అంటూ చీకటిపడేదాకా రంగులేస్తున్నాడు. అక్కని ఒక్క మాట అనలేదు. ఆమెకదే ఎక్కువ బరువుగా ఉంది.

ఒక సాయంత్రం నురగ వచ్చింది. గదిలో మరదలు ఆరిన దుప్పటి ఒక అంచు ఎడమచేత్తో పట్టుకుని ఉంది. రెండో అంచు కట్టున్న చేతి బొటనవేలికీ ఉంగరం వేలికీ మధ్య నొక్కిపట్టింది. ఎదురుగా మడతక్క.

"స్ప్రింగు వచ్చింది అక్కా!" అంది నురగ చెప్పులు విప్పుతూనే.

"ఎక్కణ్ణుంచి?"

"బజార్లోంచే. ఇనప సామాన్ల కొట్లో ఉందట. మెకానిక్ సైకిలేసుకుని పోయి, దార్లో టీ కూడా తాగి, వెనక్కొచ్చేశాడు."

మడతక్క చేతిలో దుప్పటి అంచు నలిగింది.

"ఎంతుంటుంది?" అని అడిగింది మరదలు.

"ఇంతే..." అంటూ నురగ చూపుడువేలు ఎత్తింది. ఎత్తాక మరదలి కట్టు కనపడింది. చటుక్కున చెయ్యి వెనక దాచుకుంది.

"దాస్తావేం?" అంది మడతక్క. "చూపించు. నా మరదలు కాకపోతే ఇంకెవరు చూడాలి?"

నురగ చెయ్యి ముందుకి తెచ్చి, వేలి మీద రెండో కణుపు దగ్గర బొటనవేలు పెట్టి చూపించింది. మరదలు చాలాసేపు చూసింది.

"ఇంతేనా" అంది.

అని దుప్పటి అంచు మళ్ళీ పట్టుకుంది. "పట్టు వదినా."

ఇద్దరూ లాగారు, దగ్గరికొచ్చారు, అంచు మీద అంచు పెట్టారు. మరదలి వైపు మూల జారి అడుగు మేర కిందికి పోయింది. మడతక్క చూసింది. పోనీలే అనలేదు. విప్పి, దులిపి, అంచు ఆమె చేతికి మళ్ళీ ఇచ్చింది.